నల్లమందు నుంచి 108 దాకా

శ్రీకూర్మం తోటల్లో జీడిమామిడి కొమ్మ మీంచి జారిపడి తొడ ఎముక విరిగినవాడికి శ్రీకాకుళం పెద్దాసుపత్రి సుమారు 15 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వాడికైతే వంద దాటుతుంది. ప్రతి గతుకులోనూ ప్రాణం పోయి వస్తుంది. ఆ దారిలో ఏ మందిచ్చి నొప్పి తగ్గించాలి?

విశాఖ, గోదావరి మన్యాల్లో ఒకప్పుడు నొప్పికీ జ్వరానికీ నల్లమందే దిక్కు. అందులోని మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లో జర్మనీవాడు సెర్ట్యూర్నర్ వేరుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక వైద్య సిబ్బంది మార్ఫిన్ పొడిచాక, ఖాళీ గొట్టాన్ని గాయపడినవాడి కాలరుకే గుచ్చి పంపేవారు, వెనకాల ఎవరూ మళ్లీ ఇవ్వకుండా. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, బీపీ పడిపోతుంది.

1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేసిన ఫెంటనిల్ నిమిషాల్లో పనిచేస్తుంది, త్వరగానే దిగిపోతుంది. 1962 నాటి కెటమిన్ వియత్నాం యుద్ధంలో పేరు తెచ్చుకుంది. బీపీని పడిపోనివ్వదు గానీ కొందరిని భ్రమల్లోకి నెడుతుంది. 1970 ప్రాంతంలో బ్రిటన్ అంబులెన్సుల్లోకి ఎంటొనాక్స్ వచ్చింది: సగం నైట్రస్ ఆక్సైడు, సగం ఆక్సిజన్. మాస్కు రోగే పట్టుకుంటాడు. మత్తెక్కితే చెయ్యి జారుతుంది, మందు దానంతటదే ఆగుతుంది. ఎంత చక్కని ఏర్పాటు! ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాడికి మాత్రం కూడదు.

మన 108 అంబులెన్సు సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. అప్పటికే 1985 మాదకద్రవ్యాల చట్టానికి జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోవడం మానేశాయి. నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశంలో ఇది అన్యాయం. 2014 సవరణతో నిబంధనలు సడలాయి.

ఇక మన శ్రీకాకుళం జిల్లా సంగతి వేరు. ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస పల్లెల్లో, కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా మనుషుల్ని తినేస్తోంది. ఊళ్లో ఒళ్లునొప్పులకు అలవాటుగా పొడిచే డైక్లోఫెనాక్ సూది ఆ కిడ్నీలను మరింత దెబ్బతీస్తుంది. కిడ్నీ పనిచేయనప్పుడు మార్ఫిన్ విరిగి మిగిలే పదార్థాలూ ఒంట్లోనే పేరుకుపోతాయి. అలాంటివారికి ఫెంటనిల్ గానీ తక్కువ మోతాదు కెటమిన్ గానీ నయం. మార్ఫిన్‌నూ కెటమిన్‌నూ పోల్చిన పరీక్షల్లో నొప్పి తగ్గడంలో పెద్ద తేడా తేలలేదు కనుక, మనిషిని చూసే మందు ఎంచాలి.

ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే 108కి ఫోన్ చేసినప్పుడే ఆ మాట చెప్పండి. డయాలసిస్ పుస్తకం చేతికి అందేచోట పెట్టుకోండి.