సరిహద్దుకు రెండు పక్కలా గ్రంథుల పేర్లు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి పట్టణంతో సహా మిగతా తాలూకాలు మైసూరుకు వచ్చాయి. ఆ గీత గురించి మనం ఎన్నో వ్యాసాలు చదివాం. అది మన ఒంట్లోని గ్రంథుల పేర్ల మీదుగా కూడా పోయిందన్న సంగతి మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఆదోనిలో తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివినవాడికి అవి వినాళ గ్రంథులు. బళ్ళారిలో కన్నడ మాధ్యమంలో చదివిన మన పిల్లవాడికి నిర్నాళ గ్రంథులు. నాళం లేకుండా తమ స్రావాన్ని నేరుగా రక్తంలోకి వదిలేవి అని రెంటికీ ఒకటే అర్థం. ఇద్దరూ సంస్కృతం దగ్గరికే పోయారు. ఒకరు 'వి' తెచ్చుకున్నారు, ఇంకొకరు 'నిర్' తెచ్చుకున్నారు. తెలుగువారి క్లోమం కన్నడిగులకు మేదోజీరక గ్రంథి.

గొంతు ముందుండే గ్రంథి సంగతి మరీ వింత. 1656లో థామస్ వార్టన్ దానికి థైరాయిడ్ అని పేరు పెట్టాడు. గ్రీకులో డాలు వంటిదని అర్థం. కన్నడ వైద్య రచయితలు ఆ అర్థాన్నే పట్టుకుని గురాణిక గ్రంథి అన్నారు. గురాణి అంటే డాలు. మనవాళ్ళు డాలును వదిలి అవటు గ్రంథి అన్నారు. అమరకోశంలో అవటువంటే మెడ వెనకభాగం. గ్రంథి ఉన్నది ముందు, పేరు తెచ్చింది వెనకనుంచి!

అన్ని పేర్లూ ఇలా దారి తప్పలేదు. పిట్యుటరీ అన్న మాటకు మూలం లాటిన్‌లో శ్లేష్మం. ముక్కునుంచి కారే చీమిడి ఆ గ్రంథినుంచే దిగుతుందని పూర్వం ఐరోపా వైద్యులు నమ్మారు. తెలుగువారు దాన్ని పీయూష గ్రంథి చేశారు. పీయూషమంటే అమృతం, జున్నుపాలు కూడా. తల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ ఆ గ్రంథినుంచే వస్తుంది. చీమిడి జున్నుపాలయింది. శబ్దమూ కలిసింది, అర్థమూ కలిసింది. మన ఇంట్లో జున్ను, పక్కింట్లో గిణ్ణు. ఈ మాట రెండిళ్ళలోనూ చెప్పుకోవచ్చు.

1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇటువంటి మాటలు కాలేజీ పుస్తకాలకూ ఎక్కాయి. అవి సరిహద్దు దాటి మనదాకా రాలేదు. బళ్ళారిలో 1961లోనే వైద్య కళాశాల వచ్చింది గానీ, అక్కడ చదువంతా ఇంగ్లీషే. కాబట్టి మనవాళ్ళ నోట వినాళమూ లేదు, నిర్నాళమూ లేదు. "మా అవ్వకు థైరాయిడ్ వచ్చింది", "మా మామకు షుగరుంది" అంటాం.

ఇందులో చిన్న ప్రమాదముంది. థైరాయిడ్ అందరికీ పుట్టుకతోనే ఉంటుంది. అర్థం తెలియని మాట కావడంవల్ల అవయవం పేరే జబ్బు పేరయింది. జ్వరంలాగా వచ్చిపోయేదనుకుని, కాస్త ఓపిక రాగానే మాత్ర మానేసేవారున్నారు. ఆ గ్రంథి చేయలేని పనిని ఆ మాత్ర రోజూ చేస్తున్నదని వారికి తెలిసేలా చెప్పినవారు లేరు.

అవటువా, గురాణికమా అన్న తగవు మనకు వద్దు. రెండూ పండితులు శ్రమపడి కట్టినవే. రెండూ మన పిల్లలకు తెలియడం మంచిదే. ఆసుపత్రి బల్లమీద కూర్చున్న అవ్వకు కావలసింది వేరు. "అవ్వా, నీ గొంతు ముందర సీతాకోకచిలుకలాంటి గ్రంథి ఒకటుంది. అది నెమ్మదించింది. దాని పని ఈ మాత్ర చేస్తుంది, మానొద్దు" అని ఇంటి భాషలో చెప్పే డాక్టరు కావాలి. ఆ డాక్టరు మన పిల్లల్లోనుంచే రావాలి. అందుకైనా వాళ్ళకు ఇంట్లో తెలుగు నేర్పుదాం.