గుడ్డు రంగు రాసినవారు, గూడు చూపినవారు

కోనసీమలో పసులపోలిగాణ్ణి ఎరగనివారుండరు. రాజోలు, కొత్తపేట పొలాల్లో గేదె వీపు మీదో కరెంటు తీగ మీదో కూర్చుని పురుగుల్ని పట్టుకునే చీలికతోక నల్లపిట్ట అది. కొమ్మ పంగలో గూడు కడుతుంది. దాని గుడ్లన్నీ ఒకే రంగులో ఉండవు. ఒక గూట్లో మచ్చలేని తెల్లనివి, మరో గూట్లో తెలుపు మీద గోధుమ చుక్కలవి, ఇంకో గూట్లో లేత ఎరుపు మీద ముదురు మచ్చలవి. గోరింక గుడ్లకు ఈ గొడవ లేదు, మచ్చలేని నీలమే. గిజిగాడివి ఉత్త తెలుపు.

రంగునిచ్చేవి రెండే పదార్థాలు. నీలం, ఆకుపచ్చ బిలివర్డిన్ వల్ల, ఎరుపు, గోధుమ ప్రోటోపార్ఫిరిన్ వల్ల వస్తాయి. గుడ్డు ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఇవి పెంకుకు పడతాయి.

ఈ సంగతులు పుస్తకాలకెక్కిన తీరు గురించి మేము మాట్లాడాలి. నెల్లూరులో డాక్టరుగా ఉన్న జెర్డాన్ అడవి సంగతులు యానాదుల దగ్గర తెలుసుకున్నాడు. 1862–64లో వచ్చిన అతని పక్షుల పుస్తకంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. తర్వాత హ్యూమ్ దేశమంతటి నుంచీ ఉత్తరాలు తెప్పించుకుని 1873–75లో గూళ్ళ మీద, గుడ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. కాంగ్రెస్ స్థాపనలో మనం చదువుకునే హ్యూమే ఇతను. 1885లో బ్రిటిష్ మ్యూజియానికి అతనిచ్చిన సేకరణలో గుడ్లే 18,500 దాకా ఉన్నాయి. దొరలు స్వయంగా వెతికినవీ వాటిలో ఉన్నాయి, కాదనం. కానీ ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ గూడు కడుతుందో తెలిసి, చెట్టెక్కి దించినవాళ్ళు ఆ పుస్తకాల్లో ‘మా షికారీ’, ‘మా మనిషి’గానే మిగిలారు. గుడ్డు కొలత వేలిలో ఎన్నో వంతో రాసినవారికి మనిషి పేరు రాయడం బరువైంది!

ఆఫ్రికాలోని జాంబియాలో పసులపోలిగాడికి చుట్టమైన పిట్ట ఒకటుంది. కోకిల జాతి పిట్ట దాని గూట్లో అచ్చం దాని గుడ్డులాంటిదే పెట్టి పోతుంది. అయితే ఒక్కో తల్లి గుడ్ల మీది రంగూ మచ్చా దాని సంతకం లాంటివి. దొంగగుడ్డు ఆ తల్లి సంతకంతో కలవడం అరుదు. నూటికి 94 దాకా దొంగగుడ్లు బయటికి పోతాయని 2023లో వచ్చిన పరిశోధన లెక్క. ఒకే జాతిలో ఇన్ని రంగులుండటం అక్కడ ఒక రక్షణ. ఆ పత్రం రాసినవారి వరసలోనే, ఆ ప్రాంతంలో గూళ్ళు వెతికే సిల్కీ హమామా, కాలిన్స్ మోయా పేర్లు అచ్చయ్యాయి. నూటయాభై ఏళ్ళకు కుదిరిన మర్యాద అది.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లు పాడుచేయడం, గూడు కదపడం వేట కిందికే వస్తుంది. గూటి జోలికి పోనక్కర్లేదు. పిల్లలు పొదిగాక చెట్టు కింద పెంకు ముక్కలు దొరుకుతాయి. మా పిల్లల నోటు పుస్తకంలో ఊరు, చెట్టు, నెల, రంగు అని గళ్ళు గీయించాం. చివరి గడి, చూపించినవారి పేరుకు.