నందనూరు నుంచి న్యూయార్కుకి: ఒక జింకు రేకు కథ

ఈ వారం ఒక జింకు రేకు గురించి మాట్లాడతాను. రేకు గురించి ఏం మాట్లాడతాడులే అని స్టేషన్ మార్చెయ్యకండి, మన చిత్తూరు జిల్లా మనిషి కథ కూడా ఇందులో ఉంది.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా ఊరి గ్యాలరీలో కొత్త ప్రదర్శన మొదలవుతోందంటే మిత్రులతో కలిసి వెళ్ళాను. ఇప్పుడు అమెరికాలో డార్క్ ఆర్ట్ అంటున్నారే, ఆ బాపతు. పుర్రెలు, కళ్ళులేని బొమ్మలు, నల్లటి నీళ్ళలో సగం మునిగిన ఆడవాళ్ళు. ఒక బొమ్మ నన్ను పట్టేసింది. కింద పెన్సిలుతో 37/150 అని అంకె, పక్కన సంతకం. లిమిటెడ్ ఎడిషన్ అన్నారు. పండక్కి దాచుకున్న డబ్బు పెట్టి కొన్నాను. వారం తర్వాత అచ్చుపని తెలిసిన స్నేహితుడొకాయన వచ్చి, భూతద్దం పెట్టి చూసి, ఏమీ అనకుండా అద్దం నా చేతికిచ్చాడు. చూస్తే నలుపంతా సన్నటి చుక్కలు! ఎవరో వేసిన రంగుల చిత్రానికి ఇంక్‌జెట్ మీద తీసిన నకలది. మా ఆవిడ, "క్యాలెండరు కొనుక్కొచ్చారన్నమాట" అంది.

అది మోసమని నేననను. నూటయాభయ్యే వేస్తామన్నారు, అన్నే వేసి ఉంటారు. తప్పంతా అంకె చూసి కొన్న నాది. మరి ఆ అంకెకి అసలు అర్థమేమిటని వెతకబోతేనే కృష్ణారెడ్డి గారి పేరు కనిపించింది. ఈ దేశంలో ఇన్నేళ్ళుండి ఆ పేరు వినలేదని సిగ్గుపడ్డాను.

ఆయన 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో చదువు, తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం. ఆయన అక్కడున్న కాలంలోనే క్విట్ ఇండియా ఉద్యమం నడిచింది, 1943 బెంగాలు కరువూ వచ్చింది. కొన్నాళ్ళు మద్రాసు కళాక్షేత్రలో బొమ్మలు నేర్పారు. అక్కణ్ణించి లండన్ స్లేడ్ స్కూలు, ఆపైన పారిస్. వెళ్ళింది శిల్పం నేర్చుకోవడానికి; చేరిపోయింది మాత్రం హేటర్ అనే ఆంగ్లేయుడు నడిపే అతెలియే 17 అనే అచ్చుశాలలో. యుద్ధకాలంలో ఆ అచ్చుశాల పారిస్ వదిలి న్యూయార్క్ వచ్చేసింది. 1944-45లో జాక్సన్ పొలాక్ కూడా అక్కడికొచ్చి రేకులు చెక్కాడు. 1950లో అది మళ్ళీ పారిస్ చేరింది.

రేకు మీద అచ్చు ఎలా వేస్తారో కాస్త ఓపిగ్గా వినండి. రేకుని ఉలితో గీకుతారు, లేదా ఆసిడ్‌తో తినిపిస్తారు. గాడి పడుతుంది. సిరా పూసి, పైపైన తుడిచేస్తే గాట్లలోది మిగులుతుంది. తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే ఆ కాగితం గాట్లలోకి దిగి సిరాని పైకి తెచ్చుకుంటుంది. గాడి ఎంత లోతైతే నలుపు అంత చిక్కన. అంటే ఇక్కడ చీకటి నిజంగా ఒక గొయ్యి. వేలితో తడిమితే తగులుతుంది (మ్యూజియంలో తడమకండి!).

ఇదంతా ఒక్క రంగుకి. ఎన్ని రంగులుంటే అన్ని రేకులు చేసి, ఒకదాని తర్వాత ఒకటి అదే కాగితం మీద వేయడం పాతపద్ధతి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ పాడే. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కలిసి 1950లలో దీనికో ఉపాయం కనిపెట్టారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాని గట్టి రోలరుతో దొర్లిస్తే రేకు మిట్టలకే అంటుతుంది. నూనె తక్కువున్న చిక్కటి సిరాని మెత్తటి రోలరుతో దొర్లిస్తే పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద ముందే నూనె ఉంది గనక అక్కడ ఈ చిక్కటి సిరా అంటుకోదు. గాట్లలో ముందే కూరిన సిరా ఉండనే ఉంది. అన్ని రంగులూ ఒకే రేకు మీద ఒకదాన్నొకటి చెడగొట్టకుండా నిలబడి, ఒక్క నొక్కుడుతో కాగితం మీదికి వచ్చేస్తాయి. ముగ్గురిలో దీన్ని చివరిదాకా తీసుకెళ్ళింది కృష్ణారెడ్డే అని నా అభిప్రాయం. శిల్పి గనక ఆయన రేకుని కాగితంలా కాక కొండరాయిలా చూశారు. మిట్టలు, లోయలు, వాలులు.

ఇందువల్ల వ్యాపారానికి ఓ చిక్కొచ్చింది. ఎడిషన్ అంటే అన్ని ప్రతులూ ఒక్కలా ఉండాలి. అచ్చు పూర్తయ్యాక రేకు మీద అడ్డగీతలు కొట్టి చంపేయాలి. కొనేవాడి నమ్మకం దాని మీదే. కృష్ణారెడ్డి గారి పద్ధతిలో నూనె చుక్క ఎక్కువైతే చాలు, రంగు మారిపోతుంది. ఆయన దాన్ని దిద్దుకోలేదు సరికదా, కావాలనే మారుస్తూ పోయారు. ఒకే రేకుకి ఒకచోట ఎర్రటి సాయంత్రం, ఒకచోట అర్ధరాత్రి. నా 37కీ 38కీ తేడా లేదు. ఆయన ప్రతుల్లో ఏదీ ఇంకోదానికి నకలు కాదు.

చీకటి బొమ్మలంటే ఆయనవే నాకు ముందు గుర్తొస్తాయి. పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి 1968లో చేసిన 'డెమాన్‌స్ట్రేటర్స్' ఒకటి. 1976లో న్యూయార్క్ వచ్చి స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో అచ్చు విభాగాన్ని ఏళ్ళతరబడి నడిపారు. ఆ రోజుల్లో కూతుర్ని సర్కస్‌కి తీసుకెళ్ళాక మొదలైంది విదూషకుల వరస. 1981 నాటి 'గ్రేట్ క్లౌన్' చూడండి. నడుమ విదూషకుడు, అతన్నుంచి నలుదిక్కులా విచ్చుకుపోయే గీతలు. సర్కస్ గుడారమో సాలెగూడో తేల్చుకోలేం. పుర్రె లేదు, రక్తం లేదు. అయినా నవ్వించేవాడి ఒంటరితనం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఏడే బ్రాంక్స్ మ్యూజియంలో ఆయన జీవితకాలపు పని అంతటితో పెద్ద ప్రదర్శన పెట్టారు. అంతకుముందే 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. మన సంఘాల సావనీర్లలో మాత్రం ఆయన ఫోటో నాకెక్కడా తగల్లేదు.

2016 అక్టోబరు నుంచి 2017 మార్చి దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి ప్రదర్శన జరిగింది. జరీనా గారూ హేటర్ దగ్గర నేర్చుకున్నవారే. దేశవిభజన సరిహద్దుని ఆవిడ 2001లో ఒక చెక్కబ్లాకులో చెక్కారు. గీతని వదిలేసి చుట్టూ ఉన్న నేలనంతా తొలిచేశారు.

నేను జనవరిలో ఒక చలిరోజున వెళ్ళాను. కృష్ణారెడ్డి గారు అప్పటికి బ్రతికే ఉన్నారు, అదే ఊళ్ళో. వెతుక్కుంటూ వెళ్ళి నమస్కారం పెట్టాలని తోచలేదు. 2018 ఆగస్టు 22న పోయారు.

ఆ రోజు నా పక్కన ఒక పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చినట్టున్నారు, బొమ్మ పక్కనున్న చీటీ చదువుకుంటూ నా వంక తిరిగి, "ఏం సార్, రెడ్డి అని రాసుండాది, మనోళ్ళేనా?" అన్నారు. నందనూరు అని చెప్పాను.

"చిత్తూరు కాడుండే నందనూరా?"

అవునన్నాను. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కాపలా ఆవిడ వెనక్కి జరగమనే దాకా ఆయన బొమ్మ దగ్గరే వంగి నిలబడ్డారు.