సముద్ర మెరుగని సీమలో శంఖము

ప్రొద్దుటూరునకు ఈశాన్యమున, కర్నూలు–కడప రాజమార్గముపై నున్న దువ్వూరు చుట్టుపట్ల రేగడిచేలు, కుందేటి నీరు, తూర్పున నల్లమల కొండలవరుస తప్ప సముద్రపు జాడ యెందును గానరాదు. అయినను ఈ సీమలో దాసరి యిల్లిల్లు తిరుగునపుడును, శవము వాకిలి దాటునపుడును ముందుగా వినవచ్చునది కడలి యడుగున బుట్టిన యొక నత్తగూటి ధ్వనియే. శంఖులో పోసినగాని తీర్థము కాదని నమ్మిన ఈ జనులకు ఆ గూడు ఎచటినుండి వచ్చెను?

చిన్ననాట నేను జూచిన దాసరి శంఖము నేటికిని కన్నులకు గట్టినట్లున్నది. కొనను గోసి, ఇత్తడి గొట్టమును లక్కతో నతికించి యుండిరి. తరతరముల అరచేతుల యొరపిడిచే దాని వీపు దంతమువలె నునుపెక్కినది. లోపలి కంబమునకు మెట్లవలె మూడు మడతలు, వానిపై లేత గులాబి చాయ.

అట్టి శంఖములకు పుట్టినిల్లు మన్నారు సింధుశాఖ. తూత్తుకుడి తీరమున పరవలు మొదలగు జాలరులు రాతిబరువుతో నీట మునిగి, ఊపిరి బిగబట్టి, ఇసుకలో నడగియున్న ప్రాణిని వలసంచిలో వేసికొని పైకి వచ్చెడివారు. మాంసము పోయిన పిదప గోధుమవన్నె పొరను గీచివేయగా తెల్లని గుల్ల బయటపడెడిది. 1658లో తూత్తుకుడిని పోర్చుగీసువారినుండి గైకొన్న డచ్చివారును, వారి తరువాత ఆంగ్లేయులును ఈ వేట లాభమును తమ గుత్తగా నుంచుకొనిరి. 1914లో జేమ్స్ హార్నెల్ దొర మదరాసు మత్స్యశాఖ పక్షమున దీనిపై నొక గ్రంథమే వెలువరించెను. సరుకులో అధికభాగము గాజులకై వంగదేశమునకు బోయెడిది. 1652లో మన గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను దర్శించిన వజ్రవర్తకుడు టావెర్నియే, ఢాకా పనివారు సముద్రపు గుల్లలతో కడియములు చేయుటను తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. ఊదదగిన శంఖములు మాత్రము రామేశ్వరాది క్షేత్రముల యంగళ్ళ నుండి యాత్రికుల మూటలలో మెట్టసీమల కెక్కివచ్చెను.

ఈ శంఖమునకు ఉష్ణసముద్రములలో ముండ్లగుల్ల యను దాయాది గలదు. ఒడలెల్ల కంటకములతో నుండు ఆ నత్త, గూటిలోనికి ముడుచుకొన్నపుడు వాకిలికి మూతగా జేర్చు గోరువంటి బిళ్ళనే వైద్యులు నఖమందురు. భావప్రకాశమను వైద్యగ్రంథమున నది సుగంధద్రవ్యములలో నెన్నబడినది. ఒంటిగా గాల్చిన దుర్గంధమే; ధూపద్రవ్యములతో గూడినచో వాని పరిమళమును చిరకాలము నిలుపును. ఇంతటి యుపకారమును చేయు ప్రాణికి మన పూజలలో పేరైనను దక్కకపోవుట నాకు చింత గొలుపును.

మరల శంఖు సంగతికి వచ్చిన, దిష్టి తగులకుండ ఎద్దుమెడకు నల్లత్రాట శంఖును గట్టు ఆచారమును తెలుగునాట నుండెను. ఇపుడు చేలలో కాడియే యరుదయ్యెను. మీ యింటి యటుకమీద అట్టి శంఖు గాని, తాతలనాటి ఊదుడు శంఖము గాని దుమ్ముకొట్టుకొని యున్నచో, అయినకాడికి అమ్మివేయక, ఊరి దేవళమున కిండు.