మోటారు డ్రైవు ప్రారంభ, నిలుపుదల సమయాలు

లేత్, మిల్లింగ్ యంత్రం, గ్రైండర్ వంటి వర్క్‌షాపు యంత్రాల్లో మోటారు ఎన్ని సెకన్లలో వేగం అందుకోవాలో, ఎన్ని సెకన్లలో ఆగాలో డ్రైవులో, అంటే మోటారు వేగాన్ని నియంత్రించే పరికరంలో, ముందే నిర్ణయించే వ్యవధులివి. యంత్రం మన్నిక, పనివాడి భద్రత రెండూ వీటితో ముడిపడి ఉన్నాయి. ఒకప్పుడు చేతి ఒడుపు మీద సాగిన ఈ పని క్రమంగా అంకెల్లో అమర్చే పనిగా మారింది.

బెల్టుల కాలం

19వ శతాబ్దపు కర్మాగారాల్లో ఒకే ఆవిరి యంత్రం పైకప్పు కింది పొడవైన షాఫ్టును తిప్పేది. దాన్నుంచి యంత్రాలన్నింటికీ తోలు బెల్టులు నడిచేవి. పనివాడు మీటతో బెల్టును వదులుగా తిరిగే కప్పీ మీంచి బిగించిన కప్పీ మీదికి జరిపితే యంత్రం కదిలేది. బెల్టు కాస్త జారి, ఆ తర్వాతే పట్టు అందుకునేది కనుక కుదుపు తగ్గేది.

స్టార్టర్లు

నికోలా టెస్లాకు 1888లో ఇండక్షన్ మోటారు పేటెంట్లు దక్కాయి. 1889లో మిఖాయిల్ డొలీవో-డోబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల పంజరపు రోటరు మోటారును రూపొందించాడు. 20వ శతాబ్దంలో యంత్రానికో మోటారు వచ్చింది. నేరుగా లైనుకు కలిపితే ఈ మోటారు మొదట్లో పూర్తి లోడు కరెంటుకు సుమారు 5 నుంచి 8 రెట్లు లాగుతుంది. తెలుగునాట పొలం మోటార్ల దగ్గరా కనిపించే స్టార్-డెల్టా స్టార్టర్ ఆ కరెంటును మూడో వంతుకు దించుతుంది. అయితే తిప్పే బలమూ మూడో వంతుకే పడిపోతుంది. మోటారు తీగచుట్ల కలయిక స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణాన్ని టైమరు నిర్ణయించినా, వేగం పెరిగే తీరు మాత్రం లోడు చేతిలోనే ఉండిపోయింది.

త్వరగా ఆపడానికి రెండు ఫేజులను తారుమారు చేసే ప్లగింగ్ పద్ధతి వాడేవారు. వేగం సున్నాకు చేరగానే సరఫరా తెగకపోతే మోటారు వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది.

ఎలక్ట్రానిక్ డ్రైవులు

డీసీ జనరేటరు వోల్టేజీని మార్చుతూ డీసీ మోటారు వేగాన్ని మెల్లగా పెంచి తగ్గించే పద్ధతిని హ్యారీ వార్డ్ లియొనార్డ్ 1891లో ప్రవేశపెట్టాడు. దానికి అదనపు యంత్రాలు అవసరం కావడంతో ఖర్చు ఎక్కువయ్యేది. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో, పెద్ద కరెంటును అదుపు చేసే అర్ధవాహక స్విచ్ అయిన థైరిస్టర్ రూపొందింది. 1968లో డాన్‌ఫాస్ వీఎల్‌టీ 5 పేరుతో ఫ్రీక్వెన్సీ మార్చే డ్రైవుల భారీ ఉత్పత్తి ప్రారంభించింది. 1980లలో వచ్చిన ఐజీబీటీలు అనే అర్ధవాహక స్విచ్‌లు ఇలాంటి డ్రైవులు చిన్నవిగా, చవకగా మారడానికి తోడ్పడ్డాయి. దాంతో పాత లేత్‌కు సైతం డ్రైవు బిగించుకోవడం సాధ్యమైంది.

సమయం లెక్క

చాలా డ్రైవుల్లో వేగం పెంచే వ్యవధి సున్నా నుంచి గరిష్ఠ ఫ్రీక్వెన్సీ వరకు వర్తిస్తుంది. 50 హెర్ట్జ్‌కు 10 సెకన్లు పెడితే 25 హెర్ట్జ్‌కు 5 సెకన్లు పడుతుంది. మరీ తక్కువ పెడితే కరెంటు హద్దు మీరి డ్రైవు ట్రిప్ అవుతుంది, అంటే రక్షణ కోసం పని ఆపేస్తుంది.

ఆపడం ఇంకా సున్నితమైన విషయం. పనిముక్కను పట్టుకుని తిరిగే చక్‌లో నిల్వ ఉన్న శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. వేగం తగ్గించేటప్పుడు మోటారు జనరేటరుగా మారి ఆ శక్తిని డ్రైవులోకి తిప్పి పంపుతుంది. అప్పుడు లోపలి డీసీ వోల్టేజీ హద్దు దాటితే డ్రైవు ట్రిప్ అవుతుంది, మోటారు అదుపు లేకుండా తిరిగి తిరిగి తనంతట తానే ఆగుతుంది. అందుకే త్వరగా ఆగాల్సిన చోట బ్రేకింగ్ రెసిస్టర్ బిగించి, అదనపు శక్తిని వేడిగా ఖర్చు చేస్తారు. కుదుపు తగ్గించడానికి వేగాన్ని మొదట్లోనూ చివర్లోనూ నెమ్మదిగా మార్చే ఎస్-వక్రత అమరిక ఉంటుంది.

భద్రత

మరబిగింపు చక్ ఉన్న లేత్‌ను హఠాత్తుగా ఆపితే చక్ ఊడి వచ్చే ప్రమాదముంది. ఐఈసీ 60204-1 ప్రమాణం నిలుపుదలను మూడు తరగతులుగా విభజించింది. 0లో సరఫరా వెంటనే తెగుతుంది, 1లో అదుపులో ఆగాక తెగుతుంది, 2లో ఆగాక కూడా సరఫరా కొనసాగుతుంది. అత్యవసర నిలుపుదలకు మొదటి రెండే తగినవి. ఖాళీ యంత్రంతో సరిపోయిన సమయం బరువైన పనిముక్కకు సరిపోకపోవచ్చు. కాబట్టి యంత్రంపై బిగించబోయే అత్యంత బరువైన చక్‌తో, పనిముక్కతో, వాడే గరిష్ఠ వేగం వద్ద పరీక్షించి ఈ సమయాలను ఖరారు చేయాలి.