కంపెనీ కోఠీలు, గోదావరి వర్తకులు

అమలాపురమునకు దక్షిణమున, సముద్రమునకు చేరువలో బెండమూరులంక యను గ్రామము కలదు. నేత చీరలకు పేరుపొందిన బండారులంక వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరవి గనుక ముందే చెప్పుచున్నాను. 18వ శతాబ్దమున ఈ బెండమూరులంకలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి కోఠీ యొకటి యుండెను. సఖినేటిపల్లి వద్ద వసిష్ఠ గోదావరిని దాటినచో నరసాపురము. దాని చెంత మాధవాయపాలెమున మరియొకటి. యానాము దాపున ఇంజరములో ఇంకొకటి. అంతకు పూర్వమే పాలకొల్లులోను, ద్రాక్షారామములోను హాలెండు దేశస్థులు, అనగా ఒల్లందులు, స్థిరపడియుండిరి. ద్రాక్షారామమున వారి సమాధులున్న చోటును జనులు ఒల్లందు దిబ్బ యనిరి. ఇంగ్లీషువారు ఈ కోఠీలను 'ఫ్యాక్టరీ' లనుచుండిరి గాని అక్కడ తయారైన వస్తువేదియు లేదు. సరకును కొని, ఏరి, మూటలు కట్టి ఓడలకెక్కించు స్థలములు మాత్రమే అవి.

దేశదేశములలో వ్యాపారము చేయు సంస్థలకు సరకందించు స్థానిక వర్తకుడు ఏమగునను ప్రశ్న ఇటీవలిదని తలచువారు కలరు. మన గోదావరి పాయలలో ఆ ప్రశ్నకు మున్నూరేండ్లకు పైబడిన వయస్సున్నది. ఇంగ్లీషు కంపెనీ 1600లో, ఒల్లందుల కంపెనీ 1602లో పుట్టినవి. వాటాదార్లు ఐరోపాలో, గిడ్డంగులు బటేవియాలో, కొనుగోళ్లు మన పల్లెలలో. మొలక్కా దీవులలో లవంగములు కొనవలెనన్నచో అక్కడివారు వెండికంటె మన బట్టనే మెచ్చిరి. అందుచేత ఒల్లందులు 1605లో మచిలీపట్టణము చేరిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. పిమ్మట ఉభయులును మగ్గములకు మరింత దగ్గరగా డెల్టాలోనికి నడచిరి.

ఈ కథలో నేతగాని కష్టము పలువురు చెప్పినదే. నేనిపుడు ముఖ్యముగా చెప్పదలచినది వానికిని కోఠీకిని నడుమ నిలిచిన వర్తకుని సంగతి.

కంపెనీలకు పూర్వము ఆ వర్తకుడు ఒక్క కొనుగోలుదారుని నమ్ముకొన్నవాడు కాడు. ఈ తీరపు ఓడలు పెగూ, అరకాను, తెనసెరిము రేవులకు బట్టను మోసెడివి. నరసాపురము ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధము. మగ్గములకు చాలినంత పత్తి డెల్టాలో పండదు. బీరారు, దక్కను ప్రాంతముల నుండి లంబాడీలు ఎద్దులపై తెచ్చెడివారు. నూలు కొనుటకు నేతగానికి చేత సొమ్ముండదు గనుక వర్తకుడు ముందుగా బయానా ఇచ్చును. ఆ బయానాలో ఒక చక్కని న్యాయముండెను. మెరుగైన ధర ఇచ్చువాడు వచ్చినచో నేతగాడు సొమ్ము తిరిగి యిచ్చి ఒప్పందమును విడిచిపోవచ్చును. బట్ట నేసిన పిమ్మట వద్దనుటకు వర్తకునకు మాత్రము హక్కు లేదు.

కంపెనీ ఈ పద్ధతిని ఒక్కసారిగా కూలద్రోయలేదు. దానిలోనే ప్రవేశించి మెల్లగా త్రిప్పుకొన్నది. మొదట మచ్చుతాను వచ్చినది. పొడవింత, వెడల్పింత, పుంజములిన్ని. పుంజమనగా నూటయిరువది పడుగు పోగులు. పద్నాలుగు పుంజముల తానునకు 1,680 పోగులుండవలెను. మచ్చును కోఠీలో భద్రపరచి, వచ్చిన ప్రతి తానును దాని ప్రక్కన పెట్టి చూచి, మొదటి రకము, రెండవ రకము, మూడవ రకము అని విడదీసెడివారు. మచ్చునకు తగ్గినదానిని తగ్గు ధరకు తీసికొందురు, లేదా త్రోసివేయుదురు. ఏరుట కోఠీవాని పని, నష్టము వర్తకునిది. వర్తకుడు ఆ భారమును నేతగానిపైకి నెట్టెను. తన ఊరివారి సరకును మెచ్చి కొనిన మనుష్యుడే ఇపుడు లోపములు వెదకువాడైనాడు.

రెండవ మార్పు సంఘము. 17వ శతాబ్దము రెండవ సగమున ఒల్లందులు ప్రళయకావేరి మొదలు గోదావరి కోఠీల వరకు తమకు సరకిచ్చు వర్తకులను వాటాల సంఘములుగా కూర్చిరి. తలా కొంత మూలధనము, అందరి బాకీకి అందరును పూచీ. కంపెనీకి దీనివలన మొండి బాకీల భయము తగ్గినది. వర్తకులకును లాభము లేకపోలేదు: ఏటేట తప్పని గిరాకీ, పెద్ద మొత్తములు, క్రమమైన లెక్కలు, దుబాసీల పరిచయము, ఊరిలో గౌరవము. ఓడ ఆలస్యమై కోఠీలో వరహాలు నిండుకొన్నపుడు కంపెనీయే వర్తకులకు బాకీపడిన సందర్భములు కలవు. అట్టి యేడు చూచినవాడు కంపెనీ తన చేతిలోనున్నదని తలచియుండును. కాని ఒకరిపై ఒకరు ధర పెంచుకొని బేరమాడు అలవాటు సంఘములో సమసిపోయినది. పెగూ బేరమునకు పోవు సొమ్ము కోఠీ వాకిట చేరినది. నా దృష్టిలో అసలు నష్టమిది. లెక్కపుస్తకములో ఇది కనబడదు.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ మాధవాయపాలెము, బెండమూరులంక, ఇంజరము కోఠీలను పట్టుకొనెను. మరుసటి యేడు డిసెంబరులో చందుర్తి యుద్ధముతో పరిస్థితి తారుమారైనది. 1765, 1766 సంవత్సరములలో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమైనవి. సరకు కొనువాడే శిస్తు వసూలు చేయువాడును, తీర్పు చెప్పువాడును అయ్యెను. ఇక వర్తకునితో పనియేమి? 1770 తరువాతి దశకములలో కంపెనీ నడిమివానిని తొలగించి నేతగాండ్రతో తానే నేరుగా ఒడంబడిక చేసికొనజొచ్చెను. పూర్వము నేతగాండ్ర పక్షమున మాటలాడు కులపెద్దలు కంపెనీ సొమ్ము తిని దాని మనుష్యులైరి. పరుల బట్ట నేయకుండ బంట్రోతులు మగ్గముల చెంత కాపుండిరి. బయానా తిరిగి యిచ్చి విడిపోవు పాత హక్కు మాటవరుసకైనను మిగులలేదు. 1798లో గోదావరి ప్రాంతపు నేతగాండ్రు ఊరి నుండి ఊరికి లేఖలు పంపుకొని తిరుగబడిరి. కొందరు వర్తకులు కంపెనీ ఉద్యోగుల క్రింద గుమాస్తాలుగా కుదిరిరి. తాత బేరమాడిన కోఠీలో మనుమడు జీతమునకు లెక్కలు వ్రాయుట, అంతే.

తరువాతి భాగము త్వరగానే ముగిసినది. 1813 చట్టముతో కంపెనీ గుత్త పోయి లాంకషైరు బట్టకు త్రోవ ఏర్పడినది. 1833 చట్టముతో కంపెనీ వర్తకమే మానవలసివచ్చినది. ఆ రోజులలోనే నందన కరువు. కోఠీ మూతపడునాటికి పాత రేవుల దారి ఎరిగిన వర్తకులు అరుదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కోనసీమ సొమ్ము వరిచేలకును కొబ్బరితోటలకును మరలినది.

మాధవాయపాలెమును ఇంగ్లీషువారు మదపోలమనిరి. అక్కడి బట్టకు ఆ పేరే నిలిచినది. లాంకషైరు మిల్లులును, ఫ్రాన్సు మిల్లులును తమ బట్టకు ఆ పేరే పెట్టుకొన్నవి. ఫ్రెంచి భాషలో ఒక జాతి నూలు బట్టకు నేటికిని ఆ పేరే వాడుక.