కింది చుక్క, పై చుక్క

మా మొగల్తూరులో నేను విన్న అరబ్బీ అంతా కువైట్ వెళ్లొచ్చిన ఆడవాళ్ల నోటిదే. మా పెద్దమ్మ అక్కడ వంటపని చేస్తూ నేర్చేసుకుంది. నేను బీఏలో అరబ్బీ తీసుకుంటానంటే, "దానికీ కాలేజీయా?" అంది.

హైదరాబాదులో ఆ చదువు పాతదే. ఉస్మానియా 1918లో వచ్చింది. అంతకు ముందే, 1888లో, దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ పుట్టింది. దాని పని పాత అరబ్బీ రాతప్రతులను పోల్చి అచ్చువేయడం. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ'ని 1954-56లో మూడు సంపుటాలుగా తెచ్చింది. ఇలాంటి పనిలో కళ్లన్నీ చుక్కల మీదే: పదం మధ్యలో కింది చుక్క పైకెక్కితే 'బే' అక్షరం కాస్తా 'నూన్' అయిపోతుంది. లేఖకుడు కునుకు తీశాడా, అంతే సంగతులు!

ఇదంతా ఉర్దూవాళ్ల వ్యవహారమని మనవాళ్లకో అపోహ. కానీ చిలుకూరి నారాయణరావు గారు స్వాతంత్ర్యానికి ముందే ఖురానును తెలుగు చేశారు.